తాత సోడా మిషను మళ్లీ తిరిగింది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని రెండు రోజులు ఆలోచించాం. కవితలు రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మెస్‌లో సాంబారు మీద జోకులు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. అందుకని వేసవి సెలవుల్లో మా ఇంట్లో చేసిన ఒక పని గురించి రాస్తున్నాం. ఇరవై ఏళ్లకు పైగా కొట్టంలో తుప్పు పట్టి పడివున్న గోలీ సోడా మిషనును మేము బాగుచేసుకున్నాం. అది ఎలా పనిచేస్తుంది, ఎలా బాగుచేశాం, మధ్యలో మాకు తెలిసివచ్చిన సంగతేమిటి అన్నదే ఈ వ్యాసం. పదో తరగతి తమ్ముళ్లకు భౌతిక రసాయన శాస్త్రం పాఠంగా కూడా పనికొస్తుందని మా ఆశ.

‘మేము’ అన్న ప్రతిచోటా మా నాన్న, తమ్ముడు, ఇది రాస్తున్న మనిషి, ముగ్గురినీ కలిపి చదువుకోండి. మా నాన్న ఏడో తరగతితో బడి మానేశాడు. తమ్ముడు ఇంటర్ తర్వాత మార్టూరులోనే గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మూడో మనిషి ఈ హాస్టల్లో చదివి, డిగ్రీ పట్టా అందుకుని, ఇప్పుడు ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదువుతున్నాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి అతనే.

మిషను మా ఇంటికి ఎలా వచ్చింది

మా తాత పత్తి చేలల్లో, మిరప కోతల్లో కూలి చేసేవాడు. 1978లో చీరాలలో ఒకాయన సోడా కొట్టు ఎత్తేస్తుంటే అతని పాత మిషనును వాయిదాల మీద కొన్నాడు. మార్టూరు మీదుగా పోయే మద్రాసు - కలకత్తా రోడ్డును అప్పుడు అయిదో నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడది పదహారో నంబరు. ఒంగోలు బస్సులు, గుంటూరు బస్సులు ఆగేచోట తాత తోపుడు బండి పెట్టాడు.

ఊళ్లోనే ఎందుకు పెట్టలేదని చిన్నప్పుడు అడిగేవాళ్లం. పెద్దయ్యాక ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఆ రోజుల్లో ఊళ్లో టీ హోటల్లో మనకు వేరే గ్లాసు. తాగి, కడిగి, చూరు కింద బోర్లించి రావాలి. నీళ్ల సంగతి ఇంకా పెద్దది. మనకు దగ్గర్లోని కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు దళితులను చంపిన ఘటనకు మంచినీళ్ల చెరువు దగ్గర జరిగిన తగాదాయే మొదలు. అలాంటి కాలంలో మన చేతి సోడా ఊళ్లో ఎవరు తాగుతారు? బస్సు కిటికీలోంచి చెయ్యి చాపేవాడికి మాత్రం దాహం ఒక్కటే తెలుసు. బండి ఎవరిదని అడిగే టైము అతనికి లేదు. అలా రోడ్డు మీద సోడాలు అమ్మి తాత మా ముగ్గురు అత్తల పెళ్లిళ్లు చేశాడు.

2001 మే నెలలో ఒకరోజు గ్యాసు పట్టిస్తుండగా సీసా పేలింది. గాజుపెంకు మా నాన్న కుడిచేతి రెండు వేళ్ల నరాలు తెంపింది. ఆ వేళ్లు ఈ రోజుకీ వంగవు. “వాడికి చేతివాటం లేదు, సీసా సరిగ్గా బిగించలేదు” అని తాత అన్నాడు. కోపంతో అన్నాడో, బాధతో అన్నాడో తెలియదు. మిషనును కొట్టంలో పెట్టి గోనెపట్టా కప్పారు. తాత పోయేదాకా ఆ మాట అలాగే ఉండిపోయింది.

ఈ ఏడాది పాత ఇనుము కొనేవాడు వచ్చి మిషనును తూకం వేశాడు. 120 కేజీలు తూగింది. కేజీ 35 రూపాయల లెక్కన 4,200 ఇస్తానన్నాడు. అమ్మ ఇచ్చెయ్యమంది. “ఒక చెయ్యి తిన్నది చాలదా?” అన్నది అమ్మ మాట. నాన్న ఏమీ అనలేదు. గోనెపట్టా తీసి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. అది చూశాక మేము పది రోజులు గడువు అడిగాం. ఆ పది రోజులే రెండు నెలలయ్యాయి.

అసలు గోలీ సోడా ఎవరిది?

నీళ్లలో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ కలిస్తే అదే సోడా. ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1767లో దీన్ని కనిపెట్టాడు. ఆయన ఇంటి పక్కన బీరు తయారుచేసే చోటు ఉండేది. పులిసే తొట్ల మీద ఈ వాయువు పొరలా నిలిచి ఉండటం గమనించి, అక్కడ నీళ్ల గిన్నె పెట్టి చూశాడు. నీళ్లకు చురుకైన రుచి వచ్చింది. ప్రాణవాయువు మీద పరిశోధనలు చేసిన ప్రీస్ట్‌లీగా మన పాఠాల్లో వచ్చేది ఈయనే. ఆ తర్వాత 1783లో జెనీవాలో జాకబ్ ష్వెప్ సోడాను వ్యాపారంగా మొదలుపెట్టాడు.

సోడా తయారుచేయడం తేలికే, నిలవ ఉంచడమే కష్టం. లోపలి గ్యాసు బిరడాను తన్నేస్తుంది. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు దీనికి తమాషా ఉపాయం ఆలోచించి 1872లో పేటెంటు తీసుకున్నాడు. బిరడాను బయటి నుంచి బిగించే బదులు లోపలి నుంచి గ్యాసు చేతనే బిగించాడు. సీసా మెడలో ఒక గాజు గోలీ, మూతి దగ్గర ఒక రబ్బరు వాషరు. లోపలి గ్యాసు గోలీని పైకి తోసి రబ్బరుకు అదిమిపెడుతుంది. గ్యాసు ఎంత గట్టిగా బయటికి రావాలని చూస్తే మూత అంత గట్టిగా బిగుస్తుంది.

1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకు మూత కనిపెట్టాక ఆ దేశాల్లో గోలీ సీసాకు కాలం చెల్లింది. పిల్లలు గోలీల కోసం సీసాలు పగలగొట్టడం కూడా అక్కడ పెద్ద తలనొప్పిగా ఉండేదట. మన పిల్లలూ తక్కువ తినలేదు! జపానులో మాత్రం 1884లో మొదలైన ‘రామునే’ అనే గోలీ పానీయం ఇప్పటికీ వస్తోంది. ఢిల్లీ వైపు దీన్నే ‘బంటా’ అంటారు. మన దగ్గర గోలీ సోడా నిలవడానికి కారణం పెట్టుబడి. మూతలు కొనక్కర్లేదు, మూత బిగించే యంత్రం అక్కర్లేదు, అవే సీసాలు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఒక మిషను, ఒక సిలిండరు, నాలుగు డజన్ల సీసాలు ఉంటే పేదవాడు తన కాళ్లమీద తాను నిలబడగలిగేవాడు. రామచంద్రపురంలో 1919లో మొదలైన ఆర్టోస్ కంపెనీ కథ కూడా ఇలాంటి సోడా మిషనుతోనే ఆరంభమైంది.

1993లో కోకాకోలా మళ్లీ మన దేశానికి వచ్చింది. తర్వాత ప్లాస్టిక్ సీసాలు పల్లెల దాకా వచ్చాయి. గోలీ సోడా బండ్లు ఒక్కొక్కటే మూలపడ్డాయి. ‘సోడాబుడ్డి కళ్లద్దాలు’ అన్న మాట మిగిలింది, సోడాబుడ్డి చూడని పిల్లలు తయారయ్యారు.

మిషనులో ఏముంటుంది

అమెరికాలో పైసలు వేస్తే డ్రింకు సీసా వచ్చే పాత పెట్టెలను ఇళ్లలో బాగుచేసుకుని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. ఆ పెట్టె తయారైన సీసాను చల్లబరిచి ఇస్తుంది. మన మిషను సోడాను తయారుచేస్తుంది, దానికి మనిషి చెయ్యి కావాలి. కరెంటు అక్కర్లేదు.

మా మిషనుకు రెండు పోత ఇనుము స్తంభాలు. వాటి మధ్య ఒక బోను. బోనులో రెండు సీసాలు పడతాయి. బోనుకు ఇరువైపులా ఇరుసులు స్తంభాల్లోని ఇత్తడి బుష్షుల్లో తిరుగుతాయి. ఒక ఇరుసుకు హ్యాండిల్. రెండో ఇరుసు లోపల బోలుగా ఉంటుంది. గ్యాసు అందులోంచే బోనులోకి వెళుతుంది. బోను తిరుగుతున్నా గ్యాసు పైపు మెలిపడకుండా ఉండే కిటుకు అదే. తిరిగే ఇరుసు, కదలని పైపు కలిసేచోట గ్యాసు కారకుండా గ్లాండు ఉంటుంది. సీసా మూతిని ఒక రబ్బరు గూట్లో పెట్టి కింది నుంచి మరతో బిగిస్తారు. ఇవికాక గ్యాసు వదిలే వాల్వు, లోపల మిగిలిన గ్యాసు తీసేసే చిన్న వాల్వు, ప్రెషరు మీటరు.

పని జరిగే తీరు ఇది. సీసాలో ముప్పాతిక వంతు నీళ్లు పోసి బోనులో బిగించాలి. వాల్వు తెరిచి హ్యాండిల్ తిప్పాలి. సీసా తలకిందులైనప్పుడు గోలీ మూతి దగ్గరికి జారుతుంది. బయటి నుంచి వచ్చే గ్యాసు దాన్ని పక్కకు నెట్టి నీళ్లలోకి బుడగలుగా వెళుతుంది. తిప్పేకొద్దీ నీళ్లు, గ్యాసు బాగా కలుస్తాయి. చివరకు సీసాలు తలకిందులుగా ఉండగా ఆపి, గ్యాసు కట్టేసి, చిన్న వాల్వు తెరవాలి. బయట ప్రెషరు పోతుంది, సీసా లోపలిది ఉంటుంది. ఆ తేడాకు గోలీ టక్కున రబ్బరుకు అతుక్కుంటుంది.

ఎంత బలంగా అతుక్కుంటుంది? మూతి రంధ్రం ఒక సెంటీమీటరు వెడల్పు అనుకుంటే వైశాల్యం సుమారు 0.78 చదరపు సెంటీమీటర్లు. లోపల చదరపు సెంటీమీటరుకు 4 కేజీల ప్రెషరు ఉంటే గోలీ మీద పడే బలం మూడు కేజీల పైమాటే. అందుకే వేలితో నొక్కితే రాదు, అరచేత్తో చెక్క బిరడాను కొడితే కీచుమని లోపలికి పోతుంది. ఇంకొక చిన్న సంగతి. సీసా మెడ మీద ఒకవైపు రెండు నొక్కులు ఉంటాయి. ఆ నొక్కులు కిందివైపు వచ్చేలా వంచి తాగితే గోలీ అక్కడ ఆగుతుంది. తెలియనివాడు తిరగేసి తాగితే గోలీ వచ్చి మూతికి అడ్డం పడుతుంది, పక్కనున్నవాళ్లు నవ్వుతారు.

తుప్పు వదిలించడం

మొదటి వారం అంతా కిరసనాయిలే. బిగుసుకుపోయిన బోల్టుల మీద కిరసనాయిలులో కొంచెం కొబ్బరినూనె కలిపి రాత్రుళ్లు పోశాం. తొందరపడి సుత్తితో కొట్టవద్దని నాన్న ముందే చెప్పాడు. పోత ఇనుము దెబ్బకు వంగదు, పగులుతుంది. మూడో రోజుకు ఒక్కొక్క నట్టే కదిలింది. విప్పిన ప్రతి ముక్కనూ వరసగా గోనెపట్టా మీద పెట్టి, దేని పక్కన ఏది ఉందో నోటు పుస్తకంలో బొమ్మ వేసుకున్నాం. ఈ పని చేయకపోతే మళ్లీ బిగించేటప్పుడు ఏడుపే.

తుప్పును వైరు బ్రష్షుతో, తర్వాత ఎమిరీ కాగితంతో రుద్దాం. రాయికి మెరుపు తెచ్చే పనిలో ఉన్న తమ్ముడికి ఏ నంబరు కాగితం తర్వాత ఏ నంబరు పట్టాలో మాకన్నా బాగా తెలుసు. ముందు గరుకుది, తర్వాత మధ్యరకం, చివర నునుపుది. ఇత్తడి ముక్కలను అమ్మ చింతపండుతో తోమింది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది ఆక్సైడు పొరను కరిగిస్తుంది. అమ్మకు ఆ పేరు తెలియదు గానీ బిందెలు తోమి తోమి పని తెలుసు. మిషను వద్దన్న మనిషి అలా మొదటిసారి దాని మీద చెయ్యి వేసింది. ఇనుప స్తంభాలకు రెడాక్సైడు పూసి, దాని మీద తాత నాటి ఆకుపచ్చ రంగే వేశాం. నీళ్లు, గ్యాసు తగిలే చోట మాత్రం ఏ రంగూ వేయకూడదు.

అరిగిన బుష్షులను చిలకలూరిపేటలో ఒక లేతు మేస్త్రి కొత్తగా కోసి ఇచ్చాడు. గ్లాండు ప్యాకింగు కూడా మార్చాడు.

పాతదాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలని మాకు ఉండేది. పైపుల దగ్గర అది కుదరలేదు. పాత పైపులు రాగివి, అతుకులకు సోల్డరు. ఆ రోజుల్లో సోల్డరులో సీసం ఉండేది. సోడా నీళ్లు కొంచెం ఆమ్లం. నీళ్లలో కలిసిన గ్యాసులో కొంతభాగం కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ నీళ్లు వెనక్కి తన్ని పైపులోకి వస్తే రాగినీ, సీసాన్నీ కరిగించుకుంటాయి. సీసం ఒంట్లో చేరితే ముఖ్యంగా పిల్లల మెదడుకు హాని. అందుకని ఆ పైపులన్నీ తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేశాం. రబ్బర్లు కూడా ఆహార పదార్థాలకు వాడే రకమే తీసుకున్నాం. తాత పైపు ముక్క ఒకటి గుర్తుగా దాచాం.

మీటరు చెప్పిన సంగతి

లేతు మేస్త్రి దగ్గర చేత్తో కొట్టే టెస్టింగు పంపు ఉంది. పైపులను ముందు గ్యాసుతో కాకుండా నీళ్లతో పరీక్ష చేయాలని ఆయన చెప్పాడు. కారణం తమ్ముళ్లు గుర్తుంచుకోండి. గ్యాసు స్ప్రింగులా నొక్కుకుని శక్తిని దాచుకుంటుంది. పగిలితే ఆ శక్తి అంతా ఒక్కసారి బయటికొచ్చి ముక్కలు ఎగిరిపడతాయి. నీళ్లు దాదాపు నొక్కుకోవు. పగిలితే కాస్త కారి ఊరుకుంటాయి. 15 కేజీల దాకా కొట్టి అరగంట ఉంచితే ఎక్కడా చుక్క కారలేదు.

అప్పుడే మా పాత ప్రెషరు మీటరును కూడా ఆ పంపుకు బిగించి చూశాడు. ఆయన మీటరు 7 చూపిస్తుంటే మాది 4 దగ్గర ఆగిపోయింది.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ రోజు ఏం జరిగిందని నాన్నను మొదటిసారి వివరంగా అడిగాం. చెప్పాడు. తాత రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, కుండల్లో నీళ్లతో సోడాలు పట్టేవాడు. మొదటి బస్సు అందుకోవడానికే అలా చేసేవాడని మేము అనుకునేవాళ్లం. “ఎండెక్కితే గ్యాసు పట్టదురా అబ్బాయ్” అనేవాడట. ఆ రోజు తాతకు జ్వరం. నాన్న పొలం నుంచి వచ్చేసరికి పదకొండు దాటింది. డ్రమ్ములో నీళ్లు కాగిపోయి ఉన్నాయి. ఎంత తిప్పినా సోడా చప్పగానే ఉంది. ఇంకాస్త గ్యాసు తెరిచాడు. మీటరు చూశాడు, ఎప్పుడూ ఉండే చోటే ముల్లు ఉంది. ఇంకాస్త తెరిచాడు.

తాత చెప్పిన మాటను పుస్తకంలో హెన్రీ నియమం అంటారు. ఇంగ్లండులో విలియం హెన్రీ 1803లో చెప్పాడు. ఒక ద్రవంలో కరిగే వాయువు దాని పీడనాన్ని బట్టి ఉంటుంది. పీడనం రెట్టింపైతే కరిగేదీ రెట్టింపు. నీళ్లు వేడెక్కేకొద్దీ కరిగే గ్యాసు తగ్గిపోతుంది. మామూలు వాతావరణ పీడనం దగ్గర ఒక లీటరు నీళ్లు 5 డిగ్రీల చలిలో సుమారు 1.4 లీటర్ల కార్బన్ డయాక్సైడును పట్టుకుంటాయి. 24 డిగ్రీల దగ్గర 0.78 లీటర్లు. 40 డిగ్రీల దగ్గర 0.53 లీటర్లే. అంటే తెల్లవారుజామున కుండనీళ్లలో పట్టినంత గ్యాసే మధ్యాహ్నం డ్రమ్ము నీళ్లలో పట్టాలంటే పీడనం ఒకటిన్నర రెట్లు కావాలి. దానికి తోడు మీటరు తక్కువ చూపిస్తే? ఏళ్ల తరబడి ఒకదానికొకటి రాసుకుని గీతలు పడిన పాత సీసా ఎంతని ఓర్చుకుంటుంది?

మీటరు ఆ రోజే చెడిందో, ఇరవై ఏళ్లు మూల పడి ఉండటం వల్ల చెడిందో రుజువు చేయలేం. కానీ వేడి నీళ్లు, పెంచిన గ్యాసు, గీతలు పడిన సీసా, మీద కప్పు లేని బోను, ఈ నాలుగూ ఆ రోజు ఉన్నాయి. నోటు పుస్తకంలో లెక్క వేసి నాన్నకు చూపించాం. ఆయనకు అంకెలు పూర్తిగా అర్థమయ్యాయని చెప్పలేం. చాలాసేపు చూసి, “అయితే బిగించడంలో తప్పు లేదంటావా?” అని అడిగాడు. “లేదు నాన్నా” అన్నాం. బస్సులో ఇంటికి వచ్చేదాకా మళ్లీ మాట్లాడలేదు. ఆ రాత్రి అమ్మతో మాత్రం, “మా నాయన ఉంటే బాగుండేది” అన్నాడట.

ఎం.ఎస్సీ. రెండేళ్లలో హెన్రీ నియమం మీద మేము రాసిన జవాబులకు మార్కులు వచ్చాయి. దాని విలువ మాత్రం ఆ బస్సులో తెలిసింది.

సిలిండరుతో జాగ్రత్త

ఇక్కడి నుంచి కొంచెం శ్రద్ధగా చదవండి. ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే ఈ మాటలే ముఖ్యం.

కార్బన్ డయాక్సైడు సిలిండరులో ద్రవ రూపంలో ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లోపలి ప్రెషరు దాదాపు 58 కేజీలు. 31 డిగ్రీలకు 75 దాకా వస్తుంది. ఆ వేడి దాటితే ద్రవం, వాయువు అన్న తేడాయే పోతుంది. మన మార్టూరు మే ఎండలో పూర్తిగా నింపిన సిలిండరును బయట పెడితే లోపల వంద కూడా దాటవచ్చు. కాబట్టి సిలిండరు ఎప్పుడూ నీడలోనే ఉండాలి. నిలబెట్టి గోడకు గొలుసు కట్టాలి. పడుకోబెట్టి వాడితే ద్రవం బయటికి తన్నుకొస్తుంది. రెగ్యులేటరు లేకుండా సిలిండరును నేరుగా మిషనుకు బిగించడం ప్రాణాలతో ఆటే. అయిదేళ్లకోసారి చేయాల్సిన హైడ్రాలిక్ టెస్టు తేదీ సిలిండరు మెడ మీద కొట్టి ఉంటుంది. అది చూసే తీసుకోవాలి. పానీయాలకు వాడే రకం గ్యాసే కావాలని అడగాలి.

ఈ గ్యాసు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. కారితే నేలబారున గదిలో నిండుతుంది. రంగు లేదు, వాసన తెలియదు, ఊపిరి ఆడకుండా చేస్తుంది. తలుపులు మూసిన గదిలో ఈ పని చేయకూడదు. అతుకుల దగ్గర సబ్బునురగ పూసి బుడగలు వస్తున్నాయేమో రోజూ చూసుకోవాలి.

ఒక వింత కూడా చెబుతాం. గ్యాసు గబగబా వదిలినప్పుడు రెగ్యులేటరు మీద మంచు పేరుకుంది. బయట 44 డిగ్రీల ఎండ, ఇత్తడి మీద తెల్లటి మంచు! ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి వ్యాకోచించే వాయువు చల్లబడుతుందన్న పాఠం పక్కింటి పిల్లలంతా వేళ్లతో గీకి చూశారు.

ఇక సీసాలు. అటక మీద 43 దొరికాయి. ఒక్కొక్కటే ఎండకు ఎత్తిపట్టి చూశాం. సన్నని పగులు, మూతి దగ్గర చెక్కు, లోతైన గీత, ఏది కనిపించినా పక్కన పెట్టాం. 17 మిగిలాయి. బోను చుట్టూ మందపాటి రేకు, దాని మీద ఇనుప జల్లెడ కట్టాం. ముఖానికి వెల్డింగు వాళ్లు వాడే తెల్ల అద్దం, చేతికి తోలు గ్లౌజు. అమ్మ పెట్టిన షరతులు ఇవే. ఇవి లేకుండా హ్యాండిల్ ముట్టుకోనివ్వనంది.

శుభ్రం సంగతి. గ్యాసు పట్టించినంత మాత్రాన నీళ్లు శుభ్రం కావు. క్రిములన్నీ చావవు. శుద్ధి చేసిన మంచినీళ్లే పోయాలి. గోలీ సీసాకు ఉన్న పెద్ద లోపం కడగడం కష్టం కావడం. మెడ సన్నన, లోపల గోలీ అడ్డం, రబ్బరు వాషరు కింద మురికి చేరుతుంది. వాషరు తీసి, చాకలి సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, వంగే బ్రష్షుతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు జాడించాలి. ఇంట్లో తాగడం వేరు. అమ్మాలంటే ఆహార భద్రతా చట్టం కింద నమోదు చేయించుకోవాలి.

మొదటి సోడా

జూన్ మొదటి వారంలో ఒక తెల్లవారుజామున నాలుగింటికి లేచాం. నీళ్లలో ముందే మంచుగడ్డలు వేసి ఉంచాం. నీళ్లు అంత చల్లగా ఉంటే 4 కేజీల ప్రెషరే ఎక్కువ. కొత్త మీటరు పెట్టాం. సీసా బిగించాక తమ్ముడు హ్యాండిల్ పట్టుకోబోతే నాన్న ఆపాడు. వంగని రెండు వేళ్లూ పైకి లేచివుండగా మిగతా వేళ్లతో హ్యాండిల్ పట్టుకున్నాడు. అమ్మ లోపలికి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

పాతిక చుట్లు తిప్పాడు. గోలీ టకటకమంది. సీసాలు తలకిందులుగా ఆపి, గ్యాసు కట్టి, చిన్న వాల్వు తెరిచాడు. బుస్సుమంది, టక్కుమంది. రెండు గోలీలూ అతుక్కున్నాయి. మొదటి సీసా అమ్మ చేతికిచ్చాడు. కొట్టడం చేతకాక రెండుసార్లు తప్పిపోయి, మూడోసారి కీచుమంది. నిమ్మకాయ పిండి ఉప్పు వేసి నలుగురం తాగాం. “ఘాటు సరిపోయింది” అని ఒకే మాట అన్నాడు నాన్న.

ఖర్చు లెక్క కూడా రాయాలి కదా. బుష్షులు, గ్లాండుకు 1,400. స్టీలు పైపులు, నట్లకు 1,150. రెగ్యులేటరుకు 1,800. రబ్బర్లకు 300. రేకు, జల్లెడకు 650. రంగు, ఎమిరీ, కిరసనాయిలు వగైరాలకు 700. మొత్తం 6,000 రూపాయలు. మీటరు లేతు మేస్త్రి తన దగ్గరున్నది ఇచ్చాడు. సిలిండరు డిపాజిట్టు వేరు. పాత ఇనుముకు అమ్మితే 4,200 వచ్చేవి. కాగితం మీద ఇది నష్టమే. మా ఇంట్లో ఎవరూ అలా అనుకోవడం లేదు. 2025లో మన దేశపు గోలీ సోడా కొత్త పేరుతో అమెరికాకు, గల్ఫ్ దేశాలకు ఎగుమతి అవుతోందని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ వార్త చదివి వినిపిస్తే నాన్న నవ్వాడు. బండి మళ్లీ పెట్టాలా వద్దా అని ఇంకా నిర్ణయించుకోలేదు. నమోదు కాగితాలు మాత్రం తెచ్చి పెట్టుకున్నాం.

తమ్ముళ్లూ, మీలో చాలామంది ఇళ్లలో తాతలనాటి పనిముట్లు ఏవో ఉంటాయి. చెప్పులు కుట్టే ఆరె, డప్పు కట్టె, మగ్గం ముక్క, చెడిపోయిన కుట్టుమిషను. సెలవులకు వెళ్లినప్పుడు ఒకసారి దుమ్ము దులిపి, అది ఎలా పనిచేసేదో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. వాళ్లు చెప్పేది మన పాఠాల్లో ఏ పేరుతో ఉందో వెతకండి. తాత నాలుగింటికి లేవడం మాకు పాతికేళ్లు ఒక అలవాటుగానే కనిపించింది.

వార్డెన్ గారి అనుమతి దొరికింది కాబట్టి వార్షికోత్సవం రోజు మిషనును ఆటోలో తెస్తున్నాం. గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి వచ్చే అన్నలు కూడా ఆగండి. సీసాలు 17 మాత్రమే, అందువల్ల వంతులవారీగా పడతాం. గ్లాసులు మన మెస్‌వే, స్టీలువి, అన్నీ ఒకే రకం. హ్యాండిల్ మా నాన్న తిప్పుతాడు.